స్టోయిక్ పద్ధతిని రోజూ పాటించడం ఎలా: పొద్దుటి తయారీ నుంచి రాత్రి లెక్క దాకా

స్టోయిక్ తత్వం అంటే మన చేతిలో ఉన్నదాన్ని సరిగ్గా చేసి, లేనిదాని గురించి కుమిలిపోకుండా బతకమనే పాత గ్రీకు, రోమన్ ఆలోచన. దాని మీద నాలుగు వీడియోలు చూసినవాళ్లు, ఒకటో రెండో పుస్తకాలు తిరగేసినవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటే. "చదివితే బాగనే ఉంటది. కానీ పొద్దున లేచి ఏం చేయాలె? ఎక్కడ మొదలుపెట్టాలె?" హన్మకొండలో గది తీసుకుని పోటీ పరీక్షలకు చదివేవాళ్లు, గోదావరిఖనిలో షిఫ్టు డ్యూటీ చేసేవాళ్లు, ఇల్లూ ఉద్యోగమూ రెండూ లాక్కొచ్చే ఆడవాళ్లు, అందరిదీ ఇదే మాట. ఈ వ్యాసం వాళ్ల కోసమే.

చరిత్ర జోలికి పోవడం లేదు. మూడు పేర్లు గుర్తుంటే చాలు. బానిసగా బతికి, విడుదలయ్యాక బడి పెట్టిన ఎపిక్టెటస్. నీరో చక్రవర్తికి చదువు చెప్పి, ఆ నీరో ఆజ్ఞతోనే క్రీ.శ. 65లో ప్రాణం తీసుకోవాల్సి వచ్చిన సెనెకా. క్రీ.శ. 161 నుంచి 180 దాకా రోమ్‌ను ఏలిన మార్కస్ ఆరీలియస్. బతుకులు మూడు రకాలు, సాధన మాత్రం దాదాపు ఒకటే.

ముందే ఒక మాట చెప్పాలి. కష్టం నెత్తిన పడ్డాక అప్పటికప్పుడు తీసి వాడుకునేది కాదిది. కోపం నషాళానికి అంటాక ఏ తత్వవేత్తా గుర్తుకు రాడు. నెమ్మదిగా ఉన్నప్పుడు చేసిపెట్టుకున్న పనే ఆ గడియలో అక్కరకొస్తుంది. అందుకే ఇక్కడ తయారీకి ఎక్కువ చోటిచ్చాను.

1. మొదలుపెట్టే ముందు

సామాను పెద్దగా లేదు. వంద పేజీల నోటుబుక్కు, పెన్ను. ఫోన్‌లో రాసుకుంటే కాదా అంటారు. రాసుకోవచ్చు గానీ, నోట్స్ తెరవబోయి వాట్సాప్ తెరవడం, ఇరవై నిమిషాల తర్వాత ఫోన్ ఎందుకు పట్టుకున్నామో మరిచిపోవడం అందరికీ తెలిసిందే. కాగితమే మేలు.

నోటుబుక్కు ఎవరి కంటా పడని చోట పెట్టండి. మార్కస్ ఆరీలియస్ యుద్ధ శిబిరాల్లో ఉంటూ కూడా తన కోసమే రాసుకున్నాడు. ఇంకొకరు చదువుతారన్న భయముంటే మీరు నిజం రాయరు.

సమయం పొద్దున పది నిమిషాలు, రాత్రి పది నిమిషాలు. నైట్ షిఫ్టు వాళ్లకు పొద్దున అంటే నిద్ర లేచిన వేళ. అది సాయంత్రం నాలుగైనా సరే.

ఇక అసలు తయారీ. దారి తప్పకుండా ఉండాలంటే ఆ దారి ఏదో ముందు కాగితం మీద కనబడాలి. "మంచిగా బతకాలి" అని రాస్తే కుదరదు, అందులో పట్టుకోవడానికి ఏమీ లేదు. ఎపిక్టెటస్ చెప్పిన ఉపాయం సులువు: నువ్వు ఎవరెవరివో వరసగా చూసుకో. మనిషివి, కొడుకువి, తోబుట్టువువి, ఊరివాడివి. ఒక్కో వరసకు దాని పని దానికుంది.

మొదటి పేజీలో మీ పాత్రలు నాలుగైదు రాయండి. ఒక్కోదాని ఎదురుగా ఒక్క వాక్యం, మీరు చేసే పని రూపంలో. నమూనాకు:

- కొడుకుగా: బాపు ఫోన్ చేస్తే మాట మధ్యలో కోసెయ్యను. బీపీ గోళీలు అయిపోకముందే తెచ్చిస్తాను.
- ఆఫీసులో: నా దగ్గరికి వచ్చినవాళ్లను ఊరికే "రేపు రా" అని పంపను. ఇయ్యాల కాకపోతే ఎందుకు కాదో చెప్తాను.
- తల్లిగా: మార్కుల కాగితం చేతికొస్తే మొదట అడుగుతాను, అనడం ఆ తర్వాత.
- పక్కింటివాడిగా: బోరు నీళ్ల గొడవలో జరిగినదాని కన్నా ఒక్క మాట ఎక్కువ చెప్పను.

స్టోయిక్కులు మంచితనాన్ని నాలుగు గుణాల్లో చూశారు: వివేకం, న్యాయం, ధైర్యం, నిగ్రహం. రాసిన ప్రతి వాక్యంలో వీటిలో ఒకటైనా ఉందా అని చూసుకోండి. లేకపోతే అది కోరిక అయి ఉంటుంది. "కోడలు నన్ను గౌరవించాలి" అనేది అలాంటిదే, దాన్ని కొట్టేయండి.

తర్వాత రోజూ మిమ్మల్ని పక్కకు లాగే చిక్కుల జాబితా రాయండి. అందులోంచి ఒక్కటే ఎంచుకోండి, అదీ చిన్నది. ఇక్కడే చాలామంది తొందరపడతారు. ఇరవై ఏళ్ల అత్తాకోడళ్ల పంచాయితీని మొదటి రోజే చేతిలోకి తీసుకుని, మూడో రోజుకు నోటుబుక్కు మూలకు పడేస్తారు. ఎపిక్టెటస్ తన శిష్యులను నూనె ఒలికిపోవడంతో మొదలుపెట్టమన్నాడు: "కొంచెం నూనె పోయింది. మనశ్శాంతికి ఈ ధర కట్టాను." మీరు కూడా అంతటి చిక్కే తీసుకోండి. గ్యాస్ సిలిండర్ ఆలస్యం, పార్కింగ్ గొడవ, అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చే మెసేజీలు.

ఒక జాగ్రత్త. వారాల తరబడి నిద్ర పట్టకపోవడం, దేని మీదా మనసు పోకపోవడం, చచ్చిపోవాలన్న ఆలోచన రావడం ఉంటే నోటుబుక్కు పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, డబ్బు కట్టేది లేదు. ఇంట్లో కొట్టేవాడు ఉంటే ఓర్పు సాధన చేయకండి, 181కి చేయండి.

సరిచూసుకోండి:
☐ నోటుబుక్కు, పెన్ను, దాచే చోటు
☐ పొద్దున, రాత్రి పది నిమిషాలు ఎప్పుడో తేలింది
☐ పాత్రల పేజీ రాశాను, అందులో ఎదుటివాళ్లు చేయాల్సిన పని ఏదీ లేదు
☐ ఈ నెలకు ఒకే చిక్కు, చిన్నది

2. మొదటి వారం: రెండు వరసల పట్టిక

పేజీని నిలువుగా రెండుగా గీయండి. ఎడమవైపు "నా చేతిలో ఉన్నది", కుడివైపు "లేనిది". ఎపిక్టెటస్ లెక్కలో ఎడమవైపు వచ్చేవి తక్కువే: మన అభిప్రాయం, పూనుకోవడం, కోరుకోవడం, వద్దనుకోవడం. ఒళ్లు, ఆస్తి, పేరు, పదవి అన్నీ కుడివైపే. ఒంటిని చూసుకోవడం మన పని, జ్వరం రాకుండా ఆపడం మన అధికారం కాదు.

వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు పత్తి తోలబోయే రైతును తీసుకుందాం. రాత్రంతా ఒకటే ఆలోచన: రేపు రేటు ఎంత పలుకుతది? పట్టికలో వేస్తే సంగతి విడిపోతుంది.

క్వింటాల్ ధర, ఆకాశం, ఆ రోజు యార్డుకు వచ్చే బండ్లు, ఖరీదుదారు ఏమంటాడన్నది కుడివైపు. పొద్దెక్కి మంచు ఆరాకే ఏరించడం, ఎండుటాకు, కాయ పెచ్చు కలవకుండా చూడటం, పరదా మీద పరిచి ఆరబెట్టడం, తడి పత్తిని పొడి పత్తిలో కలపకపోవడం ఎడమవైపు. తేమ 8 శాతం మించకపోతే సీసీఐ (ప్రభుత్వ పత్తి కొనుగోలు సంస్థ) పూర్తి మద్దతు ధర కడుతుంది. ఆపైన 12 దాకా కోత పడుతుంది, 12 దాటితే కొనదు. మాయిశ్చర్ మీటర్‌ను పత్తిలో గుచ్చగానే వెలిగే అంకె ఆ నిమిషంలో పుట్టింది కాదు, వారం కింద వాకిట్లో చేసిన పనికి అది లెక్క. రేటు గురించి ఎన్ని రాత్రులు మేల్కొన్నా ఒక్క పాయింటు తేమ తగ్గదు. పరదా ఇంకో రోజు పరిస్తే తగ్గుతుంది.

"పరీక్ష సంగతేంది? కొంత నా చేతుల ఉంది, కొంత లేదు గదా" అంటారు విద్యార్థులు. మధ్యలో మూడో వరస గీయాలనిపిస్తుంది. గీయొద్దు. ఆ విషయాన్నే ముక్కలు చేయండి, ప్రతి ముక్కా ఏదో ఒక పక్కన పడేదాకా. రోమన్ రచయిత సిసిరో దీనికి స్టోయిక్కుల విలుకాడి ఉదాహరణ రాసిపెట్టాడు: గురి చూడటం, నారి లాగడం, వదలడం దాకా వాడి పని. బాణం వదిలాక గాలి వీచొచ్చు, గురి కదలొచ్చు. చేయాల్సిందంతా చేస్తే వాడు తన పని పూర్తి చేసినట్టే.

మన తెలంగాణలో గ్రూప్-1 రాసినవాళ్లకు ఇది వేరే చెప్పాల్సిన పని లేదు. 2022 అక్టోబరులో రాసిన ప్రిలిమ్స్ రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ రాస్తే అదీ రద్దయింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ వచ్చింది. ఆ మధ్య కాలంలో ఒకే గదిలో ఉన్న ఇద్దరిలో ఒకరు రోజూ కోర్టు వార్తలు వెతుక్కుంటూ కూర్చుంటే, ఇంకొకరు వార్త ఒకసారి చూసి సిలబస్‌లో మిగిలిన చాప్టర్ తెరిచి ఉంటారు. ఉద్యోగం ఎవరికొచ్చిందన్నది ఇక్కడ లెక్క కాదు. ఆ ఏడాదిన్నర ఎవరి చేతిలో ఉందన్నదే లెక్క.

ఈ వారంలో జరిగే పొరపాట్లు:

- అంతా కుడివైపు వేసేయడం. "రాసిపెట్టి ఉంటే అయితది, లేకుంటే లేదు" అని చేతులు కట్టుకోవడం స్టోయిక్ పద్ధతి కాదు. కుడివైపు రాసిన ప్రతిదానికీ ఎడమవైపు మీరు చేయగల పని ఒక్కటైనా దొరుకుతుంది. దొరికేదాకా వెతకండి.
- ఎదుటివాళ్ల మనసును ఎడమవైపు వేయడం. "మా ఆయనను నవ్వుతూ ఉంచడం" మీ చేతిలో లేదు. "పొద్దున ఎత్తిపొడుపు మాట అనకపోవడం" ఉంది.
- "ధైర్యంగా ఉంటా" లాంటి గాలి మాటలు రాయడం. ఎడమవైపు రాసేది ఇంకొకరు చూస్తే కనబడే పనై ఉండాలి.

ఈ వారమంతా ఇదొక్కటే చేయండి. మిగతా మెట్లు చదవండి గానీ మొదలుపెట్టకండి.

3. పొద్దుటి పది నిమిషాలు: రాబోయేది ముందే చూసుకోవడం

మార్కస్ ఆరీలియస్ పొద్దున్నే తనకు తాను చెప్పుకునేవాడు: ఈ రోజు నాకు ఊరికే తలదూర్చేవాళ్లు, మేలు మరిచేవాళ్లు, పొగరుబోతులు, మోసగాళ్లు ఎదురవుతారు. ఈ ముక్కను అందరూ స్టేటస్‌గా పెట్టుకుంటారు. రెండో సగం ఎవరూ పెట్టరు: వాళ్లూ నాకు బంధువులే, చేతులూ కాళ్లూ కలిసి పని చేసినట్టు కలిసి పని చేయడానికే పుట్టాం, వాళ్ల మీద కక్ష పెట్టుకోవడం నా స్వభావానికే విరుద్ధం. ఆ రెండో సగం లేకపోతే మొదటిది జనం మీద చిరాకు పెంచడానికి తప్ప దేనికీ పనికిరాదు.

ఎపిక్టెటస్ పద్ధతి ఇంకా సూటిగా ఉంటుంది. స్నానాల శాలకు బయల్దేరేవాడు ముందే గుర్తు చేసుకోవాలట: అక్కడ నీళ్లు చిమ్ముతారు, తోసుకుంటారు, తిట్టుకుంటారు, బట్టలు కొట్టేస్తారు. "నాకు స్నానమూ కావాలి, నా మనసు అదుపులో ఉండటమూ కావాలి" అనుకుని బయల్దేరాలి.

దీన్ని మేడారానికి పెట్టి చూడండి. రెండేళ్లకోసారి జాతర. బస్సు గంటల కొద్దీ ఆగుతుంది, జంపన్న వాగు దగ్గర పిల్లాడు చెయ్యి వదిలి ఉరుకుతాడు, గద్దెల దగ్గర తోపులాట ఉంటుంది, బంగారం (మొక్కు బెల్లం) మూట ఎవరు మోయాలన్న దాని మీద బావామరదులు మాట్లాడుకోవడం మానేస్తారు. ఇవన్నీ జరుగుతాయని ఇంట్లోనే అనుకుంటే దారిలో అవి వార్తలు కావు. నాకు తల్లుల దర్శనమూ కావాలి, నా మనసు నా దగ్గరుండటమూ కావాలి.

చేయాల్సిన వరస:

ఒకటి. ఈ రోజు ఎక్కడికి పోతున్నాను, ఎవరిని కలుస్తాను, రెండు మాటల్లో రాయండి.

రెండు. అక్కడ తప్పకుండా ఎదురయ్యే చిక్కులు రాయండి. మూడుకు మించొద్దు.

మూడు. ఒక్కోదానికి "ఇట్లయితే ఇది చేస్తా" అని రాయండి. కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కు రోజూ బండెక్కేవాళ్ల పేజీ ఇలా ఉండొచ్చు: "బండి లేటైతే: ఆఫీసుకు ఒక్క మెసేజ్, తర్వాత బ్యాగులోంచి పుస్తకం. సీటు మీద గొడవైతే: ఒక్కసారి మర్యాదగా అడుగుతా, ఇవ్వకపోతే జనగామ దాకా నిలబడతా. మేనేజర్ మీటింగ్‌లో అందరి ముందు అంటే: అక్కడ లెక్కలు మాత్రమే చెప్తా, మిగతాది లంచ్ తర్వాత ఆయన గదిలో."

నాలుగు. ఆ రోజు పెట్టుకున్న పెద్ద పని పక్కన "అడ్డేమీ రాకపోతే" అని రాయండి. సెనెకా మాట ఇది: అడ్డేదైనా వస్తే తప్ప ఓడ ఎక్కుతాను. మన పెద్దలు "అంతా సల్లగుంటే" అని కలుపుతారే, అలాంటిదే. పని ఆగిపోయినప్పుడు గుండె జారకుండా ఉండటానికి ఇది చాలా పని చేస్తుంది.

ఇక్కడ వచ్చే పెద్ద ఇబ్బంది, ముందుచూపు కాస్తా దిగులైపోవడం. రెండింటికీ తేడా కనిపెట్టడం కష్టమేమీ కాదు. రాసిన వాక్యంలో ఈ రోజు చేసే పని ఉంటే అది ముందుచూపు. లేకపోతే దిగులు, కొట్టేయండి. 2023 జులై చివర్లో పడ్డ వానలకు వరంగల్ లోతట్టు కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. అప్పటి నుంచి మబ్బు పడితే చాలు టెన్షన్ పడేవాళ్లున్నారు. వాళ్ల పేజీలో "మళ్లీ వరద వస్తే ఎట్ల" అని ఉంటే లాభం లేదు. సర్టిఫికెట్లు, పాస్‌బుక్కులు ప్లాస్టిక్ కవర్లో చుట్టి సజ్జ మీద పెట్టడం, మోటారు స్టార్టర్‌ను ఎత్తుకు మార్పించడం, మేడ మీద గది ఉన్న చుట్టాలింటికి ముందే ఒక మాట చెప్పి ఉంచడం రాయాలి. అవి చేశాక వాన గురించి ఆలోచించడానికి మిగిలేది తక్కువే.

4. దెబ్బ తగిలిన క్షణంలో

అందరికీ కావాల్సింది ఈ మెట్టే. పైవి చేయకుండా నేరుగా ఇక్కడికి వస్తే మాత్రం పని చేయదు.

మొదట ఒక అపోహ తీసేయాలి. గుండె దడదడలాడటం, మొహం ఎర్రబడటం, కళ్లలో నీళ్లు తిరగడం ఓటమి కాదు. ఔలస్ గెలియస్ అనే రోమన్ రచయిత తను చూసిన సంగతి రాశాడు. సముద్రంలో తుఫాను, ఓడలో ఒక పేరున్న స్టోయిక్ గురువు, ఆయన మొహం పాలిపోయింది. గాలి తగ్గాక ఒక ధనికుడు వెటకారంగా అడిగాడు, నువ్వెందుకు భయపడ్డావని. గెలియస్ తర్వాత నెమ్మదిగా అడిగితే, ఆ గురువు సంచిలోంచి ఎపిక్టెటస్ పాఠాల పుస్తకం తీసి చూపించాడు. మొదటి ఉలికిపాటు జ్ఞానికీ తప్పదు, అది మన చేతిలో లేదు. "అవును, ఇది ఘోరమే" అని దానికి ఒప్పుకోవడమా మానడమా అన్నది మన చేతిలో ఉంది. సాధన అంతా ఆ సందులోనే.

ఆ సందులో చేయాల్సినవి, ఇదే వరసలో:

(అ) నోరు, వేళ్లు ఆపండి. కోపానికి పెద్ద మందు ఆలస్యమే అన్నాడు సెనెకా. గుక్కెడు నీళ్లు తాగండి. ఫోన్ బోర్లా పెట్టండి.

(ఆ) జరిగినదాన్ని పంచనామా రాసినట్టు చెప్పుకోండి. ఎవరు, ఎక్కడ, ఏమన్నారు. విశేషణాలు ఉండొద్దు.

(ఇ) మీరు అతికించినదాన్ని విడిగా చెప్పుకోండి. మనుషులను కలవరపెట్టేవి సంగతులు కావు, వాటి మీద తమ తీర్పులు అన్నాడు ఎపిక్టెటస్. ఆ తీర్పు ఏదో ఇక్కడ బయటపడుతుంది.

(ఈ) ఇందులో ఏది ఎడమ వరస, ఏది కుడి?

(ఉ) మొదటి పేజీలో రాసుకున్న పాత్రకు తగ్గ పని ఒకటి చేయండి. చిన్నదైనా చాలు.

పెళ్లి పందిరిలో మేనమామ మూడో బంతిలో, పక్కన నలుగురు తింటుండగా, "ఇంకా చదువుతనే ఉన్నవారా? మా చిన్నోడు అమెరికల ఇల్లు కూడా కొన్నడు" అన్నాడనుకోండి. పంచనామా: మామ ఒక ప్రశ్న అడిగాడు, కొడుకు గురించి ఒక వార్త చెప్పాడు, నలుగురు విన్నారు. అతికించింది: అందరి ముందు నా పరువు తీసిండు. మామ నోరు, నలుగురి చెవులు కుడి వరస. మేనల్లుడి పాత్ర ఎడమ వరస. జవాబు: "అవును మామా, చదువుతున్న. మంచి వార్త చెప్పినవు, చిన్నోడికి నేను అడిగిన్నని చెప్పు. నీ మోకాళ్లు ఎట్లున్నయి ఇప్పుడు?" విస్తట్లో పప్పు చల్లారకముందే అయిపోయే పని ఇది.

వెనకాల తిట్టారని తెలిస్తే ఎపిక్టెటస్ దగ్గర ఇంకో జవాబుంది: "నా మిగతా తప్పులు ఆయనకు తెలియవు పాపం, లేకపోతే ఇవొక్కటే చెప్పి ఊరుకునేవాడు కాదు." ఇంట్లో, దోస్తుల మధ్య ఇది బాగా పని చేస్తుంది. పై అధికారి దగ్గర వద్దు.

మెసేజీల విషయంలో ఒక నియమం పెట్టుకోండి. కోపంలో రాయాలనిపించినదంతా నోటుబుక్కులో రాయండి, ఎంత ఘాటుగానైనా. పొద్దున టీ తాగాక చదవండి. అప్పటికీ పంపాలనిపిస్తే పంపండి. చాలాసార్లు అందులోంచి రెండు లైన్లే మిగులుతాయి, నిజంగా చెప్పాల్సినవి కూడా ఆ రెండే.

అన్నదమ్ముల పంపకాల్లాంటి పెద్ద విషయానికి ఎపిక్టెటస్ మాట నేరుగానే ఉంది. ప్రతి సంగతికీ రెండు పిడులుంటాయి, ఒకటి పట్టుకుంటే మోయగలం, ఇంకొకటి పట్టుకుంటే మోయలేం. అన్న అన్యాయం చేస్తే "అన్యాయం" అన్న పిడి పట్టుకోకు, "తోడబుట్టినవాడు, కలిసి పెరిగాం" అన్న పిడి పట్టుకో. చాలామంది దీన్ని భూమి వదులుకోమన్నట్టు అర్థం చేసుకుంటారు. అది కాదు. సర్వే చేయించండి, హద్దురాళ్లు చూపించండి, కాగితాలు తీయండి, అవసరమైతే వకీలు దగ్గరికీ పోండి. ఇవన్నీ చేస్తూనే దసరాకు ఎదురుపడితే "అన్నా, బాగున్నవా" అని జమ్మి ఆకు చేతిలో పెట్టగలిగితే మోయగల పిడి పట్టుకున్నట్టే. న్యాయం కూడా ఆ నాలుగు గుణాల్లో ఒకటని మరిచిపోవద్దు.

5. వారానికో పూట తక్కువతో గడపడం

సెనెకా తన స్నేహితుడికి రాసిన ఉత్తరంలో అప్పుడప్పుడు కొన్ని రోజులు చవక తిండి తిని, ముతక బట్ట కట్టి గడపమన్నాడు. ఆ తర్వాత నిన్ను నువ్వు అడుగు: నేను భయపడ్డది దీనికేనా?

ఒక్కపొద్దు ఉండే అలవాటు మనకు కొత్త కాదు, కానీ అది మొక్కు. ఇది భయాన్ని పరీక్షించడం. అందుకే అందరికీ ఒకే పని పనికిరాదు. ఏది పోతుందని భయమో అదే ఎంచుకోవాలి. జీతం పోతే ఎలా అన్న భయముంటే వారంలో ఒక రోజు మక్క గటక, పచ్చిపులుసుతో గడపండి. కారు లేకపోతే చులకన అన్న భయముంటే ఆర్డినరీ బస్సెక్కి తెలిసినవాళ్ల ఇంటికి వెళ్లండి. ఫోన్ లేకపోతే ఉండలేమనుకుంటే ఆదివారం మధ్యాహ్నం దాకా బీరువాలో పెట్టండి. షుగర్ ఉన్నవాళ్లు, గర్భిణులు, ఎదిగే పిల్లలు తిండి జోలికి పోవద్దు.

ఫొటో తీసి స్టేటస్ పెడితే చేసింది వృథా. ఎపిక్టెటస్ మాట: బాగా దాహంగా ఉన్నప్పుడు నోటినిండా చల్లటి నీళ్లు తీసుకుని ఉమ్మెయ్, ఎవరికీ చెప్పకు.

6. రాత్రి లెక్క

సెనెకా దీపం తీసేశాక, భార్య మాట ఆపాక, ఆ రోజంతా తనకు తాను విచారణ పెట్టుకునేవాడు. ఏదీ దాచుకోను, ఏదీ దాటేయను అంటాడు. ఆ వెంటనే ఇంకో మాట అంటాడు: మళ్లీ చేయకు, ఈసారికి క్షమించాను. ఆ క్షమించడం కూడా పద్ధతిలో భాగమే.

రాయాల్సింది మూడు ప్రశ్నలకు జవాబు, ఆరేడు లైన్లు మించకుండా:

- ఇయ్యాల ఎక్కడ దారి తప్పాను?
- ఏది సరిగ్గా చేశాను?
- రేపు అదే సందర్భం వస్తే మొదటి మాట ఏం అంటాను?

నమూనా పేజీ: "పిల్ల హోంవర్క్ దగ్గర అరిచాను. పంచనామా: ఏడో ఎక్కం మూడుసార్లు తప్పు చెప్పింది. అతికించింది: కావాలని చేస్తోంది. ఆఫీసు చిరాకు ఇంటికి తెచ్చాను. సరిగ్గా చేసింది: పార్కింగ్ దగ్గర పక్కింటాయనతో గొంతు పెంచలేదు. రేపు: హోంవర్క్‌కు కూర్చునే ముందు మొహం కడుక్కుంటా, మొదటి మాట 'ఎక్కడ ఆగినవు బిడ్డా' అని."

మూడో ప్రశ్న వదిలేస్తే ఇది ఏడుపుగొట్టు డైరీ అవుతుంది. తనను తాను తిట్టుకోవడంలో ఒక రకమైన సుఖముంది, మారాల్సిన పని ఉండదు కాబట్టి. రెండు లైన్లకు మించి తిట్టుకుంటున్నారంటే ఆపి మూడో ప్రశ్నకు పోండి.

కోపం మీ చిక్కయితే క్యాలెండర్ వాడండి. ఎపిక్టెటస్ కోపం రాని రోజులను లెక్కపెట్టుకోమన్నాడు: మొదట రోజూ కోపం, తర్వాత రోజు విడిచి రోజు, తర్వాత మూడు రోజులకోసారి, నాలుగు రోజులకోసారి. ముప్పై రోజులు గడిస్తే దేవుడికి మొక్కు చెల్లించుకో అన్నాడు. గోడ మీద క్యాలెండర్‌లో చిన్న చుక్క పెడితే చాలు.

7. దారి తప్పే చోట్లు, దిద్దుబాట్లు

రాయిలా ఉండబోవడం. ఇంట్లో చావు జరిగితే ఏడవకుండా నిలబడటం స్టోయిక్ తనం అనుకుంటారు. స్నేహితుణ్ణి పోగొట్టుకున్న వ్యక్తికి సెనెకా రాసింది వేరు: కళ్లు పొడిగానూ ఉండొద్దు, వరదలూ కావొద్దు. దినాలు అయ్యేదాకా నోటుబుక్కు తెరవకపోయినా ఫర్వాలేదు. దుఃఖంలో ఉన్నవాళ్ల దగ్గరికి పోయి "అది నీ చేతుల లేదు" అని మాత్రం అనొద్దు. పక్కన కూర్చోండి, వంటింట్లో ఏం కావాలో చూడండి.

ఇంట్లో వాళ్లకు పాఠం చెప్పడం. భార్య కోపంగా ఉన్నప్పుడు "అది నీ తీర్పు" అంటే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. గొర్రెలు తిన్న గడ్డిని కాపరికి తెచ్చి చూపించవు, ఉన్ని, పాలు ఇస్తాయి అన్నాడు ఎపిక్టెటస్. మొదటి నెల ఈ సాధన గురించి ఎవరికీ చెప్పకండి.

అన్యాయానికి తలవంచడం. జీతం ఆపితే, లంచం అడిగితే, ఆడపిల్లను ఎవడైనా వేధిస్తే "మనసు ప్రశాంతంగా ఉంచుకుంటా" అనడం పిరికితనమే. ఫిర్యాదు రాయడం ఎడమ వరస. రాసే చెయ్యి వణకకుండా ఉండటానికే ఈ సాధన.

కొటేషన్ల మీద బతకడం. మార్కస్ పేరు మీద, సెనెకా పేరు మీద తిరిగే బొమ్మల్లో కొన్ని వాళ్లు అననివే. రోజుకో కొటేషన్ చదివేకన్నా నెలకో పేజీ అసలు రచన, అనువాదంలోనైనా, చదివి పట్టికలో వాడండి.

8. నాలుగు వారాల వరస

కాగితం మీద రాసి బీరువా తలుపు లోపలి వైపు అంటించుకోండి.

☐ 1వ వారం: పాత్రల పేజీ, ఒక చిక్కు, రోజూ రెండు వరసల పట్టిక
☐ 2వ వారం: పట్టికతో పాటు పొద్దుటి "ఇట్లయితే ఇది చేస్తా", మూడు చిక్కులు మించకుండా
☐ 3వ వారం: రాత్రి లెక్క మొదలు. పట్టిక ఇక రోజూ అక్కర్లేదు, చిక్కు వచ్చిన రోజే
☐ 4వ వారం: ఒక పూట తక్కువతో గడపడం. కోపం మెసేజీలు నోటుబుక్కులోనే

మధ్యలో పెళ్లిళ్లు, జ్వరాలు, పొలం పనులు వచ్చి నాలుగైదు రోజులు ఆగిపోతాయి. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టకండి, ఆగిన చోటు నుంచే సాగించండి. తప్పిన రోజులకు కలిపి రాయడం కూడా వద్దు, జ్ఞాపకం నుంచి రాసేది ఎక్కువగా సర్దిచెప్పుకోవడమే అవుతుంది.

నెల అయ్యాక పాత్రల పేజీ తీసి చదవండి. ఒక్క రోజు కూడా అక్కరకు రాని వాక్యాన్ని కొట్టేసి తిరగరాయండి. ఆ తర్వాత చిక్కుల జాబితాలో దీనికంటే కాస్త పెద్దది తీసుకోండి. అత్తాకోడళ్ల పంచాయితీకి ఇంకా రెండు మూడు నెలలు ఆగొచ్చు.